పై జానెడు మన్ను

గృహప్రవేశము ముగిసినది. గుమ్మమునకు కట్టిన మామిడాకులు వాడినవి. బంధువులు ఎవరి ఊళ్లకు వారు తరలిపోయినారు. పందిరి విప్పిన మరునాడు గృహస్థుని చూపు ఇంటిచుట్టు మిగిలిన ఖాళీనేలపై పడును. వాకిట ఒక పారిజాతము, గోడవార నాలుగు మల్లెపొదలు, పెరటిలో ఒక మామిడి, బావిదరి ఒక కరివేప ఉన్న ఎంత శోభగా ఉండును! మొక్కలు వచ్చినవి. ఇంటివారు గునపము పట్టుకొని గుంత త్రవ్వబోయినారు. మొదటి పోటునకు ఖంగుమని ఇటుకముక్క తగిలినది. రెండవ పోటునకు గడ్డకట్టిన సున్నము, మూడవ పోటునకు సిమెంటు పెళ్ల బయటపడినవి. ఎట్లో శ్రమపడి గుంత త్రవ్వి మొక్కలు నాటినారు. ప్రతిదినము తప్పక నీరు పోసినారు.

ఆరు నెలలు తిరుగకముందే ఆకులు పసుపుబారినవి. ఈనెలు మాత్రము పచ్చగా నిలిచి, ఈనెల నడుమనున్న భాగము వెలవెలబోయినది. తన చేతిచలువ మంచిది కాదని గృహిణి నొచ్చుకొనినది. మొక్కలమ్మినవాడు మోసగించినాడని గృహస్థుడు తలచినాడు. ఈ రెండును నిజము కావు. సున్నము, సిమెంటు కలిసిన మంటిలో క్షారగుణము పెరుగును. అట్టి మంటిలో ఇనుము ఉన్నను వేరు దానిని గ్రహింపజాలదు. ఇనుము అందని లేత ఆకులో పత్రహరితము తయారు కాదు. కావున ఈనెలు పచ్చగా, ఆకు పచ్చిపసుపుగా కనబడును. తప్పు మొక్కది కాదు, చేతిది కాదు. ఏడాది క్రిందట, పునాదికి ముగ్గు పోసిన నాడే, ఆ తప్పు జరిగినది. ఆనాడు ఆ నేలమీది జానెడు మన్ను ఎటు పోయినదో ఎవరును గమనింపలేదు.

ఇంటికొక నేల, తోటకొక నేల

ఇల్లు కోరు నేల వేరు, చెట్టు కోరు నేల వేరు. ఇది క్రొత్తగా కనుగొన్న సంగతి కాదు. క్రీస్తుశకము 6వ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఈ రెండు నేలలను రెండు వేర్వేరు అధ్యాయములలో పరీక్షించినాడు.

వాస్తువిద్యను గూర్చిన అధ్యాయములో ఒక పరీక్ష కలదు. ఇల్లు కట్టదలచిన చోట మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు గుంత త్రవ్వవలెను. త్రవ్వి తీసిన మన్నునే తిరిగి ఆ గుంతలో పూడ్చవలెను. మన్ను మిగిలినచో ఆ స్థలము శ్రేష్ఠము. సరిపోయినచో మధ్యమము. తరిగినచో అది పనికిరాదు. ఇంకొక పరీక్షయు కలదు. ఆ గుంతను నీటితో నింపి నూరడుగులు నడచిపోయి తిరిగి వచ్చి చూడవలెను. నీరు తరుగకున్నచో ఆ నేల మంచిది.

దీనిలోని యుక్తిని బడిపిల్లలు కూడ తెలిసికొనగలరు. యుగముల తరబడి అణగి గట్టిపడిన మంటిని పలుగుతో పెకలించినప్పుడు దాని కణముల నడుమ గాలి చేరును. అందువలన మన్ను ఉబ్బును. మామూలు మన్ను ఐదవ వంతునుండి నాలుగవ వంతువరకు పెరుగును. కావున గట్టినేలలో త్రవ్విన మన్ను మరల ఆ గుంతలో పట్టదు. మన్ను తరిగినదనగా ఆ నేల మొదటినుండియు గుల్లగా ఉన్నదని అర్థము. అది పూర్వమెప్పుడో ఎవరో పూడ్చిన పల్లము కావచ్చును. అట్టి చోట గోడలు లేపిన క్రుంగును. నీరు నిలుచు నేల బిగువైనది, బరువును మోయగలది.

వృక్షాయుర్వేదమను అధ్యాయమునకు వచ్చునప్పటికి ఆ వరాహమిహిరుడే మరియొక మాట చెప్పినాడు. చెట్లన్నిటికిని మెత్తని నేల హితమైనదనియు, అందు ముందుగా నువ్వులు చల్లి, అవి పూతకు వచ్చినప్పుడు ఆ నేలలోనే మర్దింపవలెననియు, నేలకు చేయవలసిన మొదటి పని ఇదేననియు అతడు వ్రాసినాడు. నేటి రైతు జనుమును పూతదశలో కలియదున్నుట సరిగా ఇట్టి పనియే. ఇంటికి బిగువైన నేల కావలెను, చెట్టునకు మెత్తని నేల కావలెను. ఇంటికి నీటిని నిలుపు నేల మేలు, చెట్టునకు నీటిని ఇంకించుకొను నేల మేలు. ఒకే స్థలములో, ఒకే ప్రహరి లోపల, ఈ రెండును ప్రక్కప్రక్కన ఉండవలెను. మేస్త్రీకి మొదటిది తెలియును. రెండవది ఎవరి పనియో ఎవరికిని తెలియదు. మన పెరళ్లకు కలుగుచున్న ఇబ్బంది అంతయు అచ్చటనే ఉన్నది.

ఇందులో ఇంకొక విశేషము కలదు. పునాది క్రింద పైమన్ను ఉండరాదు. వేళ్లు, ఆకులు కుళ్లి చేరిన ఆ మన్ను కాలక్రమమున అణగిపోవును. అందుచేత దానిని ఒలిచి తీసివేయుట కట్టడపు పనిలో మొదటి నియమము. ఇల్లు ఏ మంటిని వలదనుచున్నదో తోటకు ప్రాణమైనది ఆ మన్నే. తీయుట ఎట్లును తప్పదు. తీసినదానిని ఒక మూల దాచిన అది తోట అగును. దాచనిచో అది పల్లములో పడును, లేదా పునాది అడుగునుండి వచ్చిన మొరముతోను ఇటుకపొడితోను కలిసి పాడగును.

జానెడు వెనుక ఉన్న యుగములు

నేలను నిలువుగా కోసి చూచినచో పై జానెడు మన్ను కొంచెము నల్లగా, గుల్లగా, వేళ్లతో నిండి ఉండును. దానిక్రింద రంగు మారును. తెలంగాణపు చెలకలలో ఎర్రని బంకమన్నో మొరమో, నల్లరేగడిలో సుద్దగుళ్లు కలిసిన మన్నో, కృష్ణా గోదావరి తీరములందు ఒండ్రుపొరలో కనబడును. మొక్కకు వలయు ఆహారములో అధికభాగము ఆ పై జానెడులోనే ఉన్నది. రెండు మూడు సెంటీమీటర్ల మన్ను ఏర్పడుటకు వేయి సంవత్సరములవరకు పట్టవచ్చునని ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ చెప్పుచున్నది. జానెడు మన్ను సుమారు 20 సెంటీమీటర్లనుకొన్నచో దాని వయస్సెంతో విద్యార్థులు లెక్క వేసికొనవచ్చును. ఆ సమితియే 2015వ సంవత్సరమును అంతర్జాతీయ నేలల సంవత్సరముగా ప్రకటించినది. డిసెంబరు 5వ తేదీ ప్రపంచ నేలల దినము.

ఈ మన్ను తయారగుటలో వానపాముల పాత్రను లోకమునకు చాటినవాడు చార్లెస్ డార్విన్. ఇంగ్లండులో అతని మేనమామ ఇంటివద్ద ఒక పొలమున్నది. కొన్నేండ్ల క్రిందట పొలముమీద చల్లిన సున్నము, బొగ్గుపొడి ఇప్పుడు కొన్ని అంగుళముల లోతున ఒక పొరగా కనబడుచున్నవని ఆ మేనమామ చూపినాడు. అవి తమంతట దిగలేదు. వానపాములు క్రిందిమంటిని తిని పైకి తెచ్చి విసర్జించుటచే అవి కప్పబడినవి. డార్విన్ 1837లో లండను భూగర్భశాస్త్ర సంఘమున ఈ విషయమును గూర్చి ప్రసంగించినాడు. పిదప నలుబది యేండ్లకు పైగా దానిని విడువక పరిశీలించి, 1881లో వానపాములపై ఒక గ్రంథము ప్రకటించినాడు. ఇంగ్లండులో పెక్కుచోట్ల ఎకరమునకు ఏటేట సుమారు పది టన్నుల మన్ను వానపాముల కడుపుగుండా పోవునని అతడు లెక్క కట్టినాడు. మరుసటి ఏడే అతడు మరణించినాడు. మానవుడు నాగలి పట్టుటకు ఎంతో ముందే నేల దున్నబడుచున్నది. అట్టి సేద్యమును ఒక్క ఉదయములో పారవేయుట ఎట్టి నష్టమో ఊహింపవచ్చును.

పదును చూచుట

పైమంటిని ఒలుచుటకు ఒక సమయము కలదు. మన రైతులు దానిని ‘పదును’ అందురు. అంత చిన్నమాటలో అంత శాస్త్రమును ఇమిడ్చిన భాష తెలుగు. నేల మరీ తడిగా ఉన్నప్పుడు త్రొక్కినను త్రవ్వినను మంటిలోని గాలిసందులు మూసుకొనిపోవును. నల్లరేగడి అయినచో ముద్దగా మారి, ఎండిన పిదప రాతివంటి గడ్డలగును. మరీ ఎండినప్పుడు త్రవ్విన పొడియై గాలికి లేచిపోవును. పదునును కనుగొనుటకు పరికరము అక్కరలేదు. పిడికెడు మన్ను తీసి గట్టిగా పిడిచి, అరచేతిలో ఉంచి బొటనవ్రేలితో తట్టవలెను. అది ముద్దగానే నిలిచినచో ఆగవలెను. అసలు ముద్దయే కట్టకున్నచో నేలకు కొంచెము నీరు పెట్టవలెను. ముద్దకట్టి, తట్టగానే పొడియై విడిపోయినచో అదే పదును.

ఒలిచిన మంటిని స్థలములో ఒక మూల కుప్ప వేయవలెను. ఆ కుప్ప నడుమెత్తు మించరాదు. మించినచో అడుగుమంటికి గాలి ఆడక అందలి సూక్ష్మజీవులు నశించును. ఇల్లు ముగియుటకు పదినెలలు పట్టునుగదా అని దానిని ఊరక విడువరాదు. జనుమో పిల్లిపెసరో చల్లినచో వానకు మన్ను కోసికొనిపోదు, కలుపు మొలవదు, మంటికి బలమును చేకూరును.

పదునాలుగు వందల తట్టలు

ఈ పని ఎంతటిదో లెక్క కట్టిచూచుట మంచిది. ఇంటిచుట్టు తోటకు విడిచిన నేల నూరు చదరపు మీటర్లు, అనగా సుమారు 120 చదరపు గజములు అనుకొందము. 20 సెంటీమీటర్ల లోతున ఒలిచినచో వచ్చునది 20 ఘనమీటర్ల మన్ను. నాలుగవ వంతు ఉబ్బిన పిదప కుప్పలో 25 ఘనమీటర్లగును. మీటరు ఎత్తున, ప్రక్కలు వాలుగా ఉంచి పోసినచో ఆ కుప్పకు ఆరు మీటర్ల చదరపు చోటు పట్టును. నేలలో ఉన్నప్పుడు ఘనమీటరు మన్ను సుమారు 1.4 టన్నులు తూగును. కావున మొత్తము బరువు 28 టన్నులు. తట్టకు 20 కిలోలు ఎత్తినను 1,400 తట్టలు. కుప్పవేయుటకు ఒకసారి, ఇల్లు ముగిసిన పిదప తిరిగి పరచుటకు మరియొకసారి, అంతయు కలిసి 2,800 తట్టలు. ఎవరో ఒకరి తలమీదుగా అవి నడువవలసినదే.

నేడు ఈ పనికి పెక్కుచోట్ల జేసీబీ అని జనులు పిలుచు యంత్రము వచ్చుచున్నది. రోజులు పట్టు పని గంటలలో ముగియును. యంత్రమును నిందించుట తగదు. మనుష్యుని వెన్నెముకకు అది చేసిన మేలు తక్కువది కాదు. అయితే యంత్రపు తొట్టికి పైమన్ను, అడుగుమన్ను అను భేదము తెలియదు. నడుపువానికి ముందుగా చెప్పవలెను. మొదట జానెడు మేర మాత్రమే గీచి వేరుగా పోయుమనవలెను. పిదపనే లోతు త్రవ్వింపవలెను. తోటకు విడిచిన నేలమీద యంత్రపు చక్రములు పదేపదే తిరుగకుండ చూడవలెను. ఆ బరువునకు అణగిన నేల మూరెడు లోతువరకు బిగిసిపోవును. పైన ఎంత మంచి మన్ను పరచినను క్రింద నీరు ఇంకదు.

ఇచ్చట మరియొక జాగ్రత్త అవసరము. తాపీపనివాడు నేల గట్టిపడుటకు దిమ్మిసతో కొట్టును. గదులలోను, నడవలోను అది సరియే. తోటనేలను మాత్రము దిమ్మిస తాకరాదు. పైమంటిని తిరిగి పరచుటకు ముందు ఇటుకముక్కలు, సున్నపు పెళ్లలు, మేకులు, తీగెలు ఏరివేయవలెను. అడుగునేలను గడ్డపారతో మూరెడు లోతు పెకలింపవలెను. అటుపిమ్మటనే దాచిన మంటిని పలుచని పొరలుగా పరచవలెను. రెండు వానలు కురిసి నేల తనంతట అణగువరకు ఓపిక పట్టవలెను.

వాలు, మట్టము

నేలను చదును చేయుటయనగా బల్లపరుపుగా చేయుట కాదు. ఇంటిగోడనుండి వెలుపలికి నేల వాలవలెను. మీటరునకు రెండు సెంటీమీటర్ల వాలు ఉన్న చాలును. కంటికి అది కనబడదు, నీటికి కనబడును. వాలు ఇంటివైపునకు ఉన్నచో వానాకాలమంతయు పునాది చెమ్మగిలి గోడలు తేమపట్టును.

ఈ వాలును కొలుచు పద్ధతి పాఠశాలలలోని భౌతికశాస్త్రమే. పారదర్శకమైన సన్నని గొట్టములో నీరు నింపి, ఒక కొనను గోడవద్ద, రెండవ కొనను ప్రహరివద్ద పట్టుకొన్నచో, రెండుకొనలలోను నీరు ఒకే మట్టమున నిలుచును. అచ్చటనుండి నేలవరకు కొలిచిన తేడాయే వాలు. మడులు సరియైన మూలలతో రావలెనన్నచో త్రాడుపై మూడు, నాలుగు, ఐదు కొలతలు గుర్తించి త్రిభుజముగా లాగిపట్టుదురు. ఏ మేస్త్రీనడిగినను ఈ కొలత చెప్పును. దానికి సిద్ధాంతమున్నదని అతనికి తెలియకపోవచ్చును. సిద్ధాంతము నేర్చిన విద్యార్థికి ఆ త్రాడు తెలియకపోవచ్చును. ఇద్దరును ఒకచోట కలిసినచో పాఠము పూర్తియగును.

వాలి వచ్చిన నీరు వీధికాలువలో పడుట నష్టము. నూరు చదరపు మీటర్ల డాబామీద ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో వేయి లీటర్ల నీరు. ఆ నీటికై ఇంటికి దూరముగా, పల్లపుమూల ఇంకుడు గుంత త్రవ్వి, అడుగున పెద్దరాళ్లు, నడుమ కంకర, పైన ఇసుక నింపుదురు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము వర్షపునీటిని నిలుపు నిర్మాణములను గూర్చియు పేర్కొన్నది. ఎర్రనేలలలో ఈ గుంత బాగుగా పనిచేయును. నల్లరేగడిలో నీరు మెల్లగా ఇంకును గనుక అచ్చట అది మరింత విశాలముగా ఉండవలెను.

చెట్టుగుంత

మామిడికిని కొబ్బరికిని మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత మన ప్రాంతమున అలవాటు. జామకును నిమ్మకును మీటరులో మూడు వంతులలో రెండు వంతులు చాలును. ఎండాకాలములో త్రవ్వి, కొన్ని వారములు ఎండనిచ్చి, మృగశిర, ఆర్ద్ర కార్తెల వానలకు మొక్క నాటుదురు. త్రవ్వునప్పుడు పైసగము మన్ను ఒక దరిని, క్రిందిసగము మన్ను మరియొక దరిని వేయవలెను. పూడ్చునప్పుడు చివికిన పశువుల ఎరువు కలిపిన పైమన్ను వేరునకు దగ్గరగా పడవలెను. గుంతను నేలకు సమముగా పూడ్చి విడిచినచో రెండు వానలకు అది పల్లమై నీరు నిలిచి మొదలు కుళ్లును. ఉబ్బిన మన్ను తిరిగి అణగునని వరాహమిహిరుని గుంత ముందే చెప్పినది. కావున నేలకంటె జానెడు ఎత్తుగా పూడ్చవలెను.

రేగడినేలలలో ఇంకొక చిక్కు కలదు. పార అంచుతో గుంతగోడలను నున్నగా చెక్కినచో అవి కుండగోడలవలె అగును. లోపలి మెత్తని మంటిలో పెరిగిన వేరు ఆ గోడను దాటలేక లోపలనే చుట్టుకొనును. వాననీరు అందులో నిలిచిపోవును. అందుచేత గుంతగోడలను గునపముతో గరుకుగా పొడిచి విడువవలెను. లోతుకంటె వెడల్పు ముఖ్యమని నేటి వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. చెట్టువేళ్లలో ఎక్కువభాగము పైపొరలలోనే ప్రక్కలకు వ్యాపించుటయే దానికి కారణము. చెట్లకు నడుమ ఇరువది మూరల దూరము ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు అధమమని బృహత్సంహిత చెప్పినది. నేటి ఇరుకు స్థలములలో ఒక్క పెద్దచెట్టుకు చోటున్నచో ఒక్కదానినే నాటుట మేలు.

స్థలములో ముందునుండి వేపయో చింతయో ఉన్నచో మరింత శ్రద్ధ వహింపవలెను. నేల ఎత్తు చేయుటకై చెట్టుమొదట అడుగెత్తు మన్ను పోయుదురు. చెట్టు వెంటనే చావదు. వేళ్లకు గాలి అందక రెండు మూడేండ్లలో కొమ్మకొమ్మయే ఎండిపోవును. అప్పటికి మన్ను పోసిన సంగతి అందరును మరచియుందురు.

పైమన్ను పోగొట్టుకొన్నవారు కొనితెచ్చుకొనవచ్చునుగదా అని కొందరనుకొందురు. మంచిమన్ను ఎచ్చటనుండి వచ్చును? ఎవరిదో ఒక పొలము ఒలిచినగాని రాదు. ఒకరి మల్లెమడికై మరియొకరి చేను బీడు కారాదు. దానికి బదులు మన పెద్దలు ఎరిగిన మార్గములు కలవు. పాడుబడిన ఊళ్ల దిబ్బలనుండి పాటిమన్ను తెచ్చి చేలకు తోలుట పూర్వాచారము. అయితే పాతదిబ్బలలో పురావస్తువులు ఉండవచ్చును గనుక నేడు వాటిని త్రవ్వుట తగదు. చెరువులలో పూడిక తీసినప్పుడు వచ్చు ఒండ్రు శ్రేష్ఠము. తెలంగాణలో 2015లో పని మొదలైన మిషన్ కాకతీయలో చెరువులనుండి తీసిన పూడికను రైతులు తమ పొలములకు తోలుకొనినారు. చెరువుమన్ను, చివికిన ఎరువు, పూతకు రాగానే కలియదున్నిన జనుము, ఇవి కలిసినచో చెడిన నేల రెండు మూడేండ్లలో తేరుకొనును. పోయిన యుగములు తిరిగిరావు గాని నేల మరల ఊపిరి తీసికొనును.

త్రవ్వినవారు

మట్టిపనియనగానే తెలుగుదేశమున స్మరింపవలసినవారు వడ్డెరలు. ఓఢ్రదేశమునుండి వచ్చినవారగుటచే వారికా పేరు కలిగినదని చెప్పుదురు. వారిలో మన్నుపని చేయువారు, రాతిపని చేయువారు అను శాఖలు కలవు. తెలుగు మాటలాడు వడ్డెర కుటుంబములు తమిళనాడులోను కర్ణాటకలోను కూడ స్థిరపడియున్నవి. చెరువుకట్టలు, కాలువలు, బావులు, రహదారులు వారి చేతిమీదుగా లేచినవి. అట్లే పాలమూరు జిల్లానుండి వలసపోయిన కూలీలు దేశమునందలి అనేక ప్రాజెక్టులవద్ద మన్ను మోసినారు.

వారి కూలి త్రవ్విన ఘనపరిమాణమునుబట్టి, లోతునుబట్టి, మోసిన దూరమునుబట్టి ఉండెడిది. పెద్ద త్రవ్వకములలో నడుమ నడుమ ఒక్కొక్క మట్టిదిమ్మను త్రవ్వక విడుచుట ఆచారము. దాని నెత్తిమీద పాతనేల గడ్డితో సహా అట్లే ఉండును. ఎంత లోతు త్రవ్వినారో ఆ దిమ్మయే సాక్ష్యము. కొలత ముగిసి కూలి ముట్టిన పిదపనే దానిని కూల్చుదురు. అక్షరము రానివారు తమ శ్రమకు నేలమీదనే వ్రాసికొనిన పత్రమది.

మట్టిపని చిన్నదైనను అపాయము లేనిది కాదు. మీటరున్నర లోతు దాటిన కందకపు దరులకు బల్లలతో ఆధారము కట్టవలెను, లేదా దరులను వాలుగా కోయవలెను. త్రవ్విన మంటిని అంచుననే కుప్పవేయరాదు. వానలో తడిసిన దరి చప్పుడు చేయక విరిగిపడును. నేలలో విద్యుత్తీగెలు, నీటిగొట్టములు ఎచ్చటనున్నవో ముందుగా విచారింపవలెను. పాతగోడ పునాది ప్రక్కన లోతుగా త్రవ్వరాదు. గృహస్థుడు కూలివానికి చెప్పవలసిన మాటలివి. కూలివాడు గృహస్థునికి చెప్పు మాటలును కొన్ని ఉండును. “ఇచ్చట మన్ను చల్లగా ఉన్నది, మొక్క ఇచ్చటనే పెట్టండి బాబూ” అని తలపాగ సవరించుకొనుచు అతడన్నప్పుడు ఆలకించుట మంచిది. అతని పాదములు ఎన్నియో నేలలను చదివియున్నవి.

బడితోటలో

ఈ చదువు బడిలో మొదలు కావచ్చును. ఖర్చు లేదు. ఒక గాజుసీసాలో మూడవ వంతు మన్ను వేసి, నీరు నింపి, బాగుగా కుదిపి కదలకుండ ఉంచినచో ఇసుక నిమిషములలో అడుగున చేరును. ఒండ్రు కొన్ని గంటలకు దానిపై నిలుచును. బంకమన్ను తేరుటకు ఒకటి రెండు దినములు పట్టును. ఆ పొరలను కొలబద్దతో కొలిచినచో తమ ఊరి నేల స్వభావము పిల్లల కంటికి కట్టినట్లు తెలియును. మూరెడు గుంత త్రవ్వి వరాహమిహిరుని పరీక్ష చేసిచూచిన గణితము, చరిత్ర, ప్రకృతిశాస్త్రము ఒక్క గంటలో కలిసివచ్చును. చేతికి మన్ను అంటిన పాఠము మరపునకు రాదు.

ఇక మొదట చెప్పిన గృహస్థుని మాట. అతని వాకిట పసుపుబారిన పారిజాతము ఇంకను బ్రతికియే ఉన్నది. పలుగు, పార, తట్ట తెచ్చి, మోకాటిలోతు త్రవ్వి, ఇటుకముక్కలు ఏరి, చెరువుమన్ను నింపినచో మరుసటి శ్రావణమునకు అది తేరుకొనవచ్చును. అది అతని ఇంటి సంగతి. కాని ప్రక్కస్థలములో ఈ ఉదయమే మరియొకరు పునాదికి ముగ్గు పోయుచున్నారు. కూలీలు పలుగులు ఆనించి నిలిచియున్నారు. ఆ నేలమీద గరిక ఇంకను పచ్చగానే ఉన్నది. మొదటి పోటు పడకముందే ఆ ప్రహరి దాటి వెళ్లి, పై జానెడు మంటిని వేరుగా వేయింపుడని ఒక్కమాట చెప్పుటకు అతనికి సమయమున్నది.